డబ్బాలో తిరిగి వేసిన గుండీలు

"అక్కణ్ణుంచి కాదు మనవరాలా, గుండీల సంగతి తర్వాత వస్తుంది. మొదట మీ అత్తయ్య ఏడుపు రాయి. ఆ పిల్లని కోడలనీ, మీ అమ్మమ్మని అత్తగారనీ, నన్ను మామగారనీ రాసుకో. కథలో అలాగే నప్పుతుంది. నేను మెల్లగా చెప్తాను, నువ్వూ మెల్లగానే రాయి..."

పొయ్యి మీద పాలు పొంగి గట్టంతా కారుతున్నాయి. అయినా కోడలికి ఆ ధ్యాసే లేదు! చేతిలో మసిగుడ్డ పట్టుకుని గోడకు ఆనుకుని నిలబడి ఏడుస్తోంది. మర్నాడే నర్సింగ్ స్కూలు ప్రవేశ పరీక్ష. "వెళ్లనా, మాననా? పాసైతే మూడేళ్లు హాస్టల్లో ఉండాలి. మరి మనకో బిడ్డ..." అని కాసేపటి క్రితమే భర్తను అడిగింది. అతను చెప్పులు వేసుకుంటూనే, "వెళ్లు. బిడ్డ సంగతి ఇప్పుడెత్తకు" అనేసి వ్యాను తాళాలు తీసుకుని డ్యూటీకి పోయాడు. ఒక్కసారి వెనక్కి తిరిగి కూడా చూడలేదు... దరఖాస్తు పెట్టించిందీ అతనే, పుస్తకాలు తెచ్చిందీ అతనే. ఆసుపత్రి వార్డులో ఆయాగా దుప్పట్లు మార్చే భార్య నర్సు కావాలని ఏ భర్త ఇంత తాపత్రయపడతాడు? తనను ఇంట్లోంచి పంపించెయ్యడానికే ఇదంతా అని కోడలి మనసులో ఒక ముల్లు దిగిపోయింది.

వాళ్లకు ఒక కొడుకు ఉండేవాడు. ఇంట్లో అందరూ బుజ్జిగాడనే పిలిచేవారు. ఒంట్లో రక్తం నిలవని జబ్బు. ఎంత ఎక్కించినా మళ్లీ పాలిపోయేవాడు. మూడో ఏడు నిండకుండానే పోయాడు. తల్లిలోనూ తండ్రిలోనూ ఆ జబ్బు పైకి కనపడకుండా దాగి ఉందనీ, అలాంటివాళ్లను వాహకులంటారనీ, అలాంటి దంపతుల పిల్లల్లో నాలుగో వంతు మందికి వస్తుందనీ డాక్టరు చెప్పాడు. అది విని ఆడపడుచు ఫోన్లో ఓదార్చింది. "ఏడవకు వదినా! నలుగురిలో ఒకరికన్నాడు కదా, ఆ ఒక్కడూ వచ్చి వెళ్లిపోయాడు. ఇక నీకు పుట్టేవాళ్లంతా బంగారంలా ఉంటారు." ఆ మాట పట్టుకునే కోడలు మళ్లీ నాలుగు మెతుకులు తినడం మొదలుపెట్టింది. అత్తగారైతే ఒక చిన్న చొక్కా కుట్టి బీరువాలో దాచేసింది కూడా!

ఇంట్లో మిషను కుట్టేది అత్తగారే. కోడలు ఏడుస్తున్న చప్పుడు విని ఆవిడ మిషను ఆపింది.

"నేను మొదటినుంచీ చెప్తూనే ఉన్నానా? ఇంటిపట్టున ఉండి బిడ్డని కనవే అంటే, పొద్దస్తమానం ఆ బఠాణీ మొక్కల గోల! మొక్క పొడుగైతే ఏంటి, పొట్టిదైతే ఏంటి? సూది పొడిచేటప్పుడు రోగి నిన్ను బఠాణీలడుగుతాడా?"

"ఊరుకో" అని భార్యతో అని, మామగారు కోడలి వైపు తిరిగాడు. "అమ్మా, పాలు దించేసి రా. నేను ప్రశ్నలు చదువుతాను."

మామగారు చదివింది రెండో తరగతే. అక్షరం అక్షరం కింద వేలు పెట్టి చదువుతాడు. ఆయన ఒక ప్రశ్న పూర్తిచేసేలోపు కోడలు గిన్నెడు కూర తరిగేసి, జవాబు కూడా సిద్ధం చేసుకునేది. ఆ రోజూ అలాగే, కళ్లు తుడుచుకుని కత్తిపీట ముందు కూర్చుంది. అనువంశికత పాఠం. పొడుగు మొక్కలు చెప్పింది, పొట్టి మొక్కలు చెప్పింది, తెల్లపూలు చెప్పింది. ఒక్కటీ తప్పలేదు.

"తల్లి... దండ్రు... లిద్దరూ... వాహకులు. మొదటి బిడ్డకు... వ్యాధి... వచ్చినది. రెండవ బిడ్డకు... వచ్చు... అవకాశం... ఎంత?"

"సున్నా" అంది కోడలు ఠక్కున.

మామగారు పుస్తకం వెనకున్న జవాబుల పేజీలు తిప్పాడు. వేలు పెట్టి వెతికాడు. "నాలుగో వంతు అని ఉందమ్మా."

"అచ్చు తప్పయి ఉంటుంది మామయ్యా!"

"అచ్చు తప్పే!" అంది అత్తగారు. "వచ్చేది వచ్చి పోయాక మళ్లీ నాలుగో వంతు ఎక్కణ్ణుంచి వస్తుంది? ఉండండి, నేను చూపిస్తా."

ఆవిడ రెండు ఖాళీ పౌడరు డబ్బాలు తెచ్చింది. ఒక్కొక్క దాంట్లో ఒక తెల్ల గుండీ, ఒక నల్ల గుండీ వేసింది. "ఇది నా కొడుకు, ఇది నువ్వు. బిడ్డకి ఒకటి వాడి దగ్గర్నుంచి, ఒకటి నీ దగ్గర్నుంచి. రెండూ నల్లవొస్తే జబ్బు. అంతేనా?"

"అంతే అత్తయ్యా."

అత్తగారు కళ్లు మూసుకుని ఒక్కో డబ్బాలోంచీ ఒకటి తీసింది. తెలుపు, నలుపు. "ఈ బిడ్డకేం లేదు" అని తిరిగి వేసేసింది. మళ్లీ తీసింది. రెండూ తెలుపు. మురిసిపోయి తిరిగి వేసింది. మళ్లీ తీసింది. రెండూ నలుపు! ఆవిడ మొహం కాస్త వాడింది. ఆ రెంటినీ తీసుకెళ్లి మిషను సొరుగులో పడేసి గట్టిగా మూసింది. "వీడు మన బుజ్జిగాడు. అయిపోయింది! ఇక చూడండి, డబ్బాల్లో తెల్లవే మిగిలాయి."

కోడలి చేతిలో వంకాయ అలాగే ఆగిపోయింది. ఎంతసేపు చూసిందో ఆ సొరుగు వైపు...

"అత్తయ్యా... తెల్లవి వచ్చినప్పుడు తిరిగి వేశారు కదా."

"వేశాను."

"మరి నల్లవి ఎందుకు వెయ్యలేదు?"

కోడలు లేచి సొరుగు లాగింది. రెండు నల్ల గుండీలూ తీసి చెరో డబ్బాలో వేసింది. టక్... టక్... "డబ్బాలంటే మేమిద్దరమేగా అత్తయ్యా. వాడు పోయాడు గానీ, మాలో ఉన్నవి ఎక్కడికి పోతాయి? ఎంతమంది పుట్టినా, ప్రతి బిడ్డకీ ఇవే డబ్బాలు... ఇవే గుండీలు!"

అత్తగారు డబ్బా ఒళ్లో పెట్టుకుని కూలబడిపోయింది. "అయితే వాడు పోయి మనకేం మిగల్చలేదంటావా! వెనకొచ్చేవాళ్ల గండం తనే నెత్తినేసుకుని పోయాడనుకున్నానే తల్లీ... అందుకేనే నేను తట్టుకున్నాను!"

"నేనూ అందుకే తట్టుకున్నాను అత్తయ్యా..."

అత్తా కోడలూ ఒకరినొకరు పట్టుకుని ఏడ్చారు. మామగారు పుస్తకం మూసి, తరిగిన వంకాయ ముక్కలు నల్లబడకుండా నీళ్లలో వేశాడు. ఇంకేం చెయ్యాలో ఆయనకు తోచలేదు.

మధ్యాహ్నం అన్నానికొచ్చిన కొడుకు గుమ్మంలోనే ఆగిపోయాడు. బల్ల మీద డబ్బాలు, ఎర్రబడ్డ నాలుగు కళ్లు. మామగారు జరిగింది రెండు ముక్కల్లో చెప్పాడు.

"మీకు ముందే తెలుసా?" అంది కోడలు.

అతను తలొంచుకున్నాడు. "తెలుసు. డాక్టరు దగ్గరికి మళ్లీ వెళ్లి నేనొక్కణ్ణే అడిగాను. ప్రతిసారీ నాలుగో వంతేనన్నాడు. నువ్వు ఆ మాట పట్టుకుని అన్నం తింటున్నావు... ఎలా లాక్కోను? చదువు, హాస్టలు అంటే కొన్నాళ్లైనా బిడ్డ మాట రాదనుకున్నాను. పైగా, బుజ్జిగాడికి సూది పెట్టేటప్పుడు నర్సుల కంటే నువ్వే బాగా పట్టుకునేదానివి. అది అబద్ధం కాదు."

"నన్ను వదిలించుకుంటున్నారనుకున్నాను!"

"నిన్నా? నువ్వు లేకపోతే నాకు సాక్స్ ఎక్కడున్నాయో కూడా తెలీదు!"

ఏడుస్తూనే నవ్వేసింది కోడలు. ఆ నవ్వు విని ఆ ఇల్లు ఎన్నాళ్లయిందో! తర్వాత అతనే మెల్లగా చెప్పాడు. కడుపులో ఉండగానే జబ్బు ఉందో లేదో చూసే పరీక్ష ఉందట. ప్రతి బిడ్డకీ బాగుండే అవకాశం నాలుగింట మూడు వంతులు, జబ్బు వచ్చే అవకాశం ఒక వంతు. చదువయ్యాక ఇద్దరూ కూర్చుని, అన్నీ తెలిసే నిర్ణయించుకుంటారు. అప్పటిదాకా ఎవరూ తొందరపెట్టకూడదు.

మర్నాడు కోడలిని పరీక్షకు సాగనంపింది అత్తగారే. గుమ్మం దాటుతుంటే వెనకనుంచి కేకేసింది. "ఏమే, బఠాణీలన్నీ గుర్తున్నాయా?"

"ఉన్నాయత్తయ్యా!"

"ఆ సున్నా మాత్రం రాయకు."

రాయలేదు. సీటొచ్చింది. ఆ చిన్న చొక్కా ఇంకా బీరువాలోనే ఉంది. ఎవరూ తీయలేదు, ఎవరూ దాని మాట ఎత్తరు.

"అంతే మనవరాలా. ఇది మీ అమ్మకి, అదే కథలోని ఆడపడుచుకి, చదివి వినిపించు. తను ఇక్కడికి రాలేకపోతే ఫోన్లోనైనా సరే. తను ఆ రోజు ఓదార్పుకే అందని నాకు తెలుసు, తప్పు పట్టడానికి కాదని ముందే చెప్పు. కానీ హాస్టల్లో ఉన్న పిల్లకి ఫోన్ చేసి విశేషమేమైనా ఉందా, ఉందా అని అడగొద్దను. అడిగిన ప్రతిసారీ ఆ సొరుగు మళ్లీ లాగినట్టే ఉంటుంది దానికి... ఇంకోటి. నువ్వు గబగబా చదువుతావు. గుండీల దగ్గరికొచ్చాక మాత్రం, నాలాగా, వేలు పెట్టి చదువు."