ఆమేన్ అనేదాకా

ఇషిత సూట్‌కేసు మీద కూర్చుంది. ఎరిక్ జిప్పు లాగాడు. జిప్పు సగం దాకా వచ్చి మొరాయించింది.

"ఇంకొంచెం హెవీగా కూర్చో."

"ఇంతకన్నా హెవీ కావాలంటే మీ మమ్మీని పిలువు."

"వినపడింది!" పైనుంచి సంతోషకుమారి గొంతు. కెనడాలోని స్కార్‌బరోలో ఆ ఇల్లు ఆవిడది. బేస్‌మెంట్‌లోని ఈ గది రెండేళ్ళుగా ఇషితది. జిప్పుతో కుస్తీ పడుతున్నవాడు ఆవిడ ఒక్కగానొక్క కొడుకు.

జగిత్యాల నుంచి వచ్చి ఇక్కడి కాలేజీలో డిప్లొమా ముగించిన ఇషితకు దేశానికి అవతలి కొసన ఉన్న బర్నబీలో, కొండ మీది యూనివర్సిటీలో మాస్టర్స్ సీటు వచ్చింది. ఈ సాయంత్రమే ఫ్లైట్.

ఎరిక్ సూట్‌కేసు ఎత్తి తూచాడు. "ట్వెంటీ టూ పాయింట్ ఎయిట్! పర్ఫెక్ట్!"

"నేను పోతున్ననని ఎంత సంబరమో నీకు!"

"నో... ఐ మీన్..." తెలుగు మాట కోసం వెతుక్కున్నాడు. దొరకలేదు. ఇక్కడ పుట్టినవాడు, ఆకలి, చలి, కూర బాగుంది, ఇలాంటి ఇంటి మాటల వరకే అతని తెలుగు.

రెండేళ్ళూ ఇద్దరిదీ ఒకే బస్సు. అతని యూనివర్సిటీ రెండు స్టాపుల ముందే వస్తుంది. అయినా రోజూ ఆమె కాలేజీ దగ్గర దిగి, "సారీ, నిద్రపోయా" అంటూ మంచులో వెనక్కి నడిచేవాడు. ఏదో ఒకరోజు నోరు విప్పుతాడని ఇషిత ఎదురుచూసింది. ఇప్పుడు క్యాబ్ వచ్చేలోపు విప్పకపోతే ఇక లేనట్టే. తానే అడుగుదామంటే, వేళకు అన్నం పెట్టిన ఆంటీ ముఖం గుర్తొచ్చి ఆగిపోతుంది.

"పిల్లలూ, ప్రార్థన!" అని పైనుంచి ఎరిక్ తండ్రి రత్నరాజు పిలిచాడు.

ఆ ఇంట్లో ఎవరు ఊరు కదిలినా ముందు హాల్లో మోకరించాలి. ఒకరు ప్రార్థన చేస్తుంటే, ఆమేన్ అనేదాకా మిగతావాళ్ళు కళ్ళు తెరవకూడదు, అడ్డుపడకూడదు; అందరూ ఆమేన్ అన్నాకే లేవాలి. ఇషితది గుడికి వెళ్ళే ఇల్లే అయినా ఈ పద్ధతి అలవాటైంది. అందరికన్నా గట్టిగా ఆమేన్ అనేది కూడా ఆమే.

"సిస్టర్ ఇషిత కోసం ఈసారి నువ్వు చెయ్యరా," అన్నాడు రత్నరాజు కొడుకుతో.

ఇషిత నవ్వు ఆపుకుంది. తండ్రి ప్రార్థనలు వింటూ పెరిగిన ఎరిక్‌కు తడుముకోకుండా వచ్చే తెలుగు అదొక్కటే.

"ప్రేమగల పరలోకపు తండ్రీ, దూర ప్రయాణమై వెళ్ళుచున్న ఈ సహోదరిని..." అని ఆగాడు. గొంతు సవరించుకున్నాడు. "ప్రభువా, ఈమెను సహోదరి అని పిలుచుటకు నాకు నోరు వచ్చుట లేదు."

ఇషిత కళ్ళు తెరిచింది. అందరివీ మూసే ఉన్నాయి. సంతోషకుమారి కనురెప్పలు మాత్రం అదురుతున్నాయి.

"ఆ బస్సులో నేను ఒక్క దినమైనను నిద్రించలేదని నీవు ఎరుగుదువు. ఆ కొండ మీద టీచర్ ట్రైనింగ్‌లో నాకును సీటు దొరికియున్నది. ఒప్పుకొనుటకు నేడే కడవరి దినము. మమ్మీకి చెప్పుటకు ధైర్యము చాలలేదు. ఈమెకు ఇష్టమైతే నేనును వెళ్ళుదును. కానియెడల, ఈమెను క్షేమముగా చేర్చుమని యేసు నామమున వేడుకొనుచున్నాను తండ్రీ..."

"ఆమేన్!" అంది ఇషిత, ఇల్లంతా మోగేలా.

"ఆమేన్," అన్నాడు రత్నరాజు, మీసం కింద నవ్వుతూ.

సంతోషకుమారి అనలేదు. ఆవిడ అనకుండా ఎవరూ లేవలేరు. బయట క్యాబ్ హారన్ కొట్టింది. నలుగురూ మోకాళ్ళ మీదే ఉండిపోయారు.

"నన్నొదిలి వెళ్తానని చెప్పడానికి దేవుణ్ణి అడ్డం పెట్టుకున్నావట్రా?" ఆవిడ స్వెటర్ చేతితో ముక్కు తుడుచుకుంది. "టైమ్ ఎన్నింటిదాకా?"

"ఫైవ్."

"మూడున్నరైంది. ఇంకా మోకాళ్ళ మీద కూర్చుంటే సీటు ఎవడిస్తాడు? ఆమేన్! లే, లాప్‌టాప్ తియ్!"

ఎరిక్ సీటుకు ఒప్పుకునే బటన్ నొక్కాడు. ఇషిత ఆవిడ మెడ చుట్టూ చేతులు వేసి ఏడుస్తూ నవ్వింది. "ఇకమీద ఆంటీ అనకు, పిల్లా. ఎవరైనా వింటే బాగోదు," అంది సంతోషకుమారి.

రెండో రోజు ఎరిక్ సూట్‌కేసు సర్దింది ఆవిడే. "నాలుగు జతలు చాలు. సెమిస్టర్ అవ్వగానే వచ్చేస్తావుగా?"

"ఏప్రిల్‌లో వచ్చేస్తా మమ్మీ."

ఏప్రిల్‌లో అతనికి ట్రైనింగ్‌తోపాటే అక్కడి బడిలో పని దొరికింది. తర్వాతి ఏడాది జూన్‌లో, వానలో, బర్నబీలోనే పెళ్ళి. జగిత్యాల నుంచి వచ్చిన ఇషిత తండ్రి కొమరయ్య, కూతురికన్నా గట్టిగా ఆమేన్ అన్నాడు.

స్కార్‌బరో ఇంట్లో ఉండడానికి ఎరిక్ మళ్ళీ రాలేదు. అతను ఆ ఇల్లు విడిచి వెళ్ళింది 2023 డిసెంబరు 30, శనివారం.