నాంచారి విడిపించిన గ్రహణం

అరుణపురంలో సూర్యగ్రహణం పట్టి మూడు రోజులైంది, విడిచే జాడ లేదు. ఇంటింటి ముందూ నీళ్ల పళ్లెంలో నిలబెట్టిన రోకలి నిలబడినట్టే ఉంది. గ్రహణం విడిస్తేనే అది పడుతుంది, అది పడితేనే పొయ్యి వెలుగుతుంది. రాజ్యమంతా పస్తే! పసిపిల్లల ఏడుపు వింటే రాళ్లైనా కరుగుతాయి.

ఇదంతా మసిముఖుడనే రాక్షసుడి పని. నల్లకొండ మీద నిలబడి తన డాలును సూర్యుడికి అడ్డం పెట్టాడు. రాజు పంపిన పదివేలమంది సైనికులను నీడలుగా మార్చేశాడు. తప్పించుకొచ్చిన ఒక్క భటుడు వాడి వరం సంగతి బయటపెట్టాడు. ఎదురొచ్చిన ఆయుధాలు ఎన్నయితే, వాడి బలం అన్ని రెట్లవుతుందట!

"అయితే ఒక్కరే, ఒక్క ఆయుధంతో వెళ్లాలి. అంతకంటే తక్కువ లెక్క లేదు గదా!" అన్నారు పండితులు గడ్డాలు నిమురుకుంటూ.

వడ్లు దంచుకుని బతికే నాంచారి ముందుకొచ్చింది. నీడలైన వాళ్లలో ఆమె అన్న కోటప్ప కూడా ఉన్నాడు. అతను ఇంట్లో వదిలి వెళ్లిన బాకు ఒక్కటే నడుమున దోపుకుని బయలుదేరింది.

అడవిలో ఉచ్చుకు చిక్కిన ఎలుగుబంటిని విడిపించింది. "నా గోళ్లు తీసుకుపో తల్లీ, కత్తుల్లా పనికొస్తాయి" అంది అది.

"వద్దు ఎలుగు మామా, ఒక్కటి చాలు."

ఏట్లో మొసలి పళ్ల మధ్య ఇరుక్కున్న రాయిని తీసింది. మొసలి ఆమెను అవతలి ఒడ్డుకు చేర్చి, తన పన్నే ఊడదీసి ఇవ్వబోయింది. నాంచారి దానికీ ఒక దండం పెట్టి కొండెక్కింది.

"ఒక్క బాకా?" మసిముఖుడు పకపకా నవ్వాడు. "నా బలం నాకు ఉండనే ఉంది పిల్లా!" అంటూ చెయ్యి చాచాడు.

ఆ చేతి నీడ సోకగానే నాంచారి కాళ్లు చల్లబడ్డాయి. భయంతో పైకి చూసింది. నల్లటి డాలు చుట్టూ ఉంగరంలా సన్నటి వెలుగు. చిన్నప్పుడు అయ్య ఇసుకలో దిద్దించిన సున్న అచ్చం అలాగే ఉండేది! "ఎంత పెద్ద లెక్కనైనా దీంతో హెచ్చిస్తే ఏం మిగులుతుందే?" అని అడిగేవాడు అయ్య.

నాంచారి బాకును లోయలోకి విసిరేసింది. అన్న గుర్తుగా మిగిలింది అదొక్కటే. అయినా విసిరేసింది!

"ఇప్పుడు లెక్క వేసుకోరా! నా చేతిలో ఎన్ని ఆయుధాలున్నాయి?"

మసిముఖుడి చేతులు కుంచించుకుపోసాగాయి. "ఏదో ఒకటి పట్టుకో తల్లీ! ఎండుపుల్లయినా పట్టుకో!" అని బతిమాలాడు. నాంచారి రెండు అరచేతులూ విప్పి చూపించింది. వాడు మాయమయ్యాడు, డాలు లోయలోకి దొర్లిపోయింది, కొండంతా ఎండ పరుచుకుంది. నీడలన్నీ మనుషులై లేచాయి.

"ఇంట్లో నా బాకు భద్రంగా ఉందా?" అన్నాడు కోటప్ప కళ్లు నులుముకుంటూ. నాంచారి ఏడుస్తూ నవ్వింది.

అరుణపురంలో రోకళ్లన్నీ ధబధబా పడ్డాయి. రాజు ఏనుగు మీద ఎదురొచ్చి, "సగం రాజ్యమైనా సరే, కోరుకో తల్లీ!" అన్నాడు.

"ముందు అన్నం పెట్టించండి ప్రభూ, రోకలి పడిందిగా!" అంది నాంచారి.

సగం రాజ్యం సంగతి భోజనాలయ్యాకే చూసుకున్నారు. ఆ పూట రాజే స్వయంగా వడ్డించాడు. పండితులకు మాత్రం ఇసుకలో సున్న దిద్దిన తర్వాతే విస్తరి పడింది.