నాలుగో చక్రం

తెల్లారేసరికి మోటారు చక్రాలకి రెక్కలు మొలిచాయి.

తప్పంతా సర్వేశ్వరరావుదే. అనంతగిరి కాఫీ తోటలో మోటారు నడిపేది అతనే. ఘాటీ రాళ్ళకి చెక్కుకుపోయిన చెక్క చక్రాలకి సాయంత్రం శ్రద్ధగా ఎర్ర రంగు వేశాడు. ఆరిందో లేదో చూసుకోడానికి పక్కనే లాంతరు పెట్టి నిద్రపోయాడు. జ్యేష్ఠం చివర, తొలకరి పడిన కొండ మీద, పొగమంచులో రంగు ఆరుతుందా? ఆరలేదు సరికదా, లాంతరు వెలుగుకి వచ్చిన రెక్కల ఉసిళ్ళన్నీ తడి రంగులో అతుక్కుపోయాయి.

"ఇదేటి బాబూ, మోటారా, ఉసిళ్ళ పుట్టా?"

షెడ్డు ముందు ఒక అమ్మాయి నిలబడి ఉంది. నెత్తిన తట్ట, తట్ట కింద ఆపుకోలేని నవ్వు.

"నవ్వింది సాలుగానీ, నీ పని సూసుకో గుంటా!"

"నా పనీ ఇదే మరి. సెక్కకి రంగెయ్యడం."

ఆ అమ్మాయి పేరు కనక. తండ్రి అప్పలనరసయ్య కింద మైదానంలో లక్క బొమ్మలు చేస్తాడు. ఏటా తొలకరికి తండ్రీ కూతుళ్ళు కొండెక్కి, కొండవాళ్ళ దగ్గర లక్క కొంటారు. ఈ ఏడు షెడ్డు పక్కింట్లో దిగారు. ఆ తట్టలో ఉన్నవి సుక్రు అనే కొండవాడు ఇచ్చిన లక్క, దాంతో చేసిన రంగు కడ్డీలూ.

"శుక్రవారానికి ఈ సెక్రాలు మెరవకపోతే నా ఉద్యోగం ఊడిపోద్ది," అన్నాడు సర్వేశ్వరరావు. కోపం పోయి గొంతులో ఏడుపు వచ్చింది.

కనకకి జాలేసింది. తట్ట దించి, ఎర్ర లక్క కడ్డీ ఒకటి తీసింది. "ఈ రంగంతా గీకెయ్యి. లక్క పూత్తాను. సల్లారితే సాలు, ఆరక్కర్లేదు. నచ్చకపోతే కుంపటి సెగ సూపిత్తే ఊడొచ్చేత్తాది. కాకపోతే సెక్రం తిరగతా ఉండాలి. మా నాన్నని పిలుత్తానుండు."

"మీ నాన్నెందుకు? నాను తిప్పుతాను, నువ్వు లక్క పెట్టు."

కనక చేతిలో లక్క కడ్డీ జారి కిందపడింది.

"ఏటన్నావ్?"

"తిప్పుతానన్నాను."

"నువ్వేటంటన్నావో నీకు తెలుసా?"

"సెక్రం తిప్పడానికి తెలిసేదేటుంది? నాను వడ్రంగోడి కొడుకుని. నా సేతుల్లో బలం లేదనుకుంటన్నావా?"

కనక అతని చేతులు చూసింది. మొహం చూసింది. చెవుల దాకా ఎర్రబడి, "అయితే తిప్పు మరి," అంది.

అతను జాకీ పెట్టి చక్రం లేపి తిప్పాడు. కింద కుంపటి, పైన కనక చెయ్యి. లక్క కడ్డీ ఆనగానే చెక్క మీద ఎర్రటి పట్టీ పరుచుకుంది. మొగలి ఆకుతో రుద్దేసరికి అందులో ఇద్దరి మొహాలూ కనిపించాయి. సర్వేశ్వరరావు చక్రం చూడాల్సినవాడు ఆమెను చూశాడు.

"సెక్రం ఆగిపోయింది," అంది కనక, తల ఎత్తకుండా.

"ఆగలేదే!"

"ఆగింది. నువ్వు నన్ను సూత్తన్నావు."

ఒకటి, రెండు, మూడు చక్రాలు అయ్యాయి. మూడోదానికి వచ్చేసరికి ఇద్దరికీ కబుర్లు ముదిరాయి.

"ఇంతకీ ఈ సోకంతా ఎవలికి?"

"మా తోట లెక్కలు సూసే రైటరు బాస్కరరావు గారికి. శుక్రవారం పెళ్ళిసూపులంట. పిల్ల మోటారు సూసి మూర్ఛపోవాలంట."

కనక చెయ్యి ఆగింది. గబగబా కడ్డీలు తట్టలో వేసుకుంది.

"ఇదేటి? నాలుగోది?"

"పుయ్యను. నువ్వెవలికోసం తిప్పుతున్నావో తెలిసినప్పుడు పిలు, పూత్తాను."

వెళ్ళిపోయింది. వెనక్కి తిరిగి చూడలేదు.

ఆ తరువాత సర్వేశ్వరరావు కాలు ఒకచోట నిలిస్తే ఒట్టు. మోటారు చుట్టూ తిరిగాడు. మూడు చక్రాలు నిగనిగలాడుతున్నాయి, నాలుగోది బోసిగా ఉంది. పక్కింటి తలుపు తట్టాడు. "పనిలో ఉంది" అన్నారు. అన్నం ముందు కూర్చున్నాడు, లేచాడు. వాన వచ్చింది, తడిశాడు, షెడ్డులోకి పోవాలని తోచలేదు. ఇదంతా ఉద్యోగం పోతుందన్న బెంగే అని మనసుకి సర్దిచెప్పుకున్నాడు. ఉద్యోగం కాదు. కనక కావాలి. ఆ సంగతి గురువారానికి అతనికి స్పష్టంగా తెలిసిపోయింది.

శుక్రవారం రైటరు అత్తరు పూసుకుని, కోటు తొడుక్కుని మోటారెక్కాడు.

"నాన్సెన్స్! నాలుగో చక్రం ఏమిటలా ఉంది? ఆ పక్క వాళ్ళకి కనబడకుండా ఆపు. ముందు సంత చుట్టూ ఒక రౌండు కొట్టు, అందరూ చూడాలి."

రౌండు కొట్టాడు. "ఇక్కడ, ఇక్కడ!" అన్నాడు రైటరు. మోటారు ఆగింది. ఎక్కడ? దాని షెడ్డు పక్కనే. అప్పలనరసయ్య గుమ్మంలో.

లోపల పట్టుచీర కట్టుకుని, తాంబూలం పళ్ళెంతో కనక నిలబడి ఉంది. సర్వేశ్వరరావు కాలు బ్రేకు మీంచి తియ్యడం మరిచిపోయాడు.

"మావయ్యా, నమస్కారం," అన్నాడు రైటరు. అతను వాళ్ళకి దూరపు చుట్టం.

అప్పలనరసయ్య పెళ్ళికొడుకుని చూడలేదు. వంగి చక్రాన్ని గోటితో తట్టాడు, వాసన చూశాడు.

"ఇది మా కనక సెయ్యి. సెక్రం తిప్పిందెవలు?"

"అదంతా ఇప్పుడెందుకు మావయ్యా?"

"నానే బాబూ," అన్నాడు సర్వేశ్వరరావు, మోటారు దిగి.

"తెలిసే తిప్పావా? మా ఇళ్ళల్లో బొమ్మలు తిప్పే కదురుకి ఇద్దరుండాలి. ఆడది లక్క పెడితే మగడు తిప్పాల. పెళ్ళికాని పిల్లకి తండ్రి తిప్పుతాడు. పైవోడు తిప్పేడంటే ఆ పిల్లని అడిగినట్టే. మా కనక లక్క పెట్టిందంటే, ఒప్పుకున్నట్టే."

అందరూ కనకను చూశారు. పళ్ళెంలో వక్కలు గలగలమన్నాయి.

"అప్పుడు తెలీదు బాబూ," అన్నాడు సర్వేశ్వరరావు.

కనక మొహం వాడిపోయింది. పళ్ళెం దించి లోపలికి తిరిగింది.

వెనక ఇనప చప్పుడైంది. సర్వేశ్వరరావు జాకీ తీశాడు. బురదలో మోకాళ్ళ మీద కూర్చుని నాలుగో చక్రం కింద పెట్టి లేపాడు.

"సర్వేశ్వరరావ్! ఏమిటీ పని? ఈ సాయంత్రానికల్లా నీ ఉద్యోగం ఉండదు!" రైటరు అరిచాడు. "ఆ ముష్టి లక్కంతా పీకించేస్తాను!"

"పీకడమెందుకు బాబూ, కుంపటి తెత్తాను, సెగకి ఊడొచ్చేత్తాది," అన్నాడు అప్పలనరసయ్య నెమ్మదిగా. "ఉద్యోగమంటావా, మా ఇంట్లో తిప్పేవోడి పని కాళీగానే ఉంది. నా భుజాలు అరిగిపోనాయి."

సర్వేశ్వరరావు రెండు చేతులతో చక్రం పట్టి తిప్పాడు.

"ఇప్పుడు తెలుసు కనకా! ఎవలికోసమో తెలుసు. లక్క తే, బేగి!"

గుమ్మంలో క్షణం సేపు ఎవరూ కనబడలేదు. అతను తిప్పడం ఆపలేదు. అంతలో పట్టుచీర కుచ్చిళ్ళు దోపుకుని, ఒక చేత్తో కుంపటి, ఒక చేత్తో ఎర్ర కడ్డీ పట్టుకుని కనక వాకిట్లోకి వచ్చింది.

"వత్తన్నాను. ఈసారి నన్ను సూసి ఆపీకు, తిప్పు!"