అంకాలి తిప్పిన పీపా

కుందనగిరి రాజ్యంలో ఒక ఏడాది రాలిన ఆకు కుళ్ళడం మానేసింది. కోసి పడేసిన గడ్డి నెలలు గడిచినా పచ్చగానే మెరుస్తోంది. పెంటకుప్పలు వేసినవి వేసినట్టే ఉన్నాయి. ఎరువు లేక నేల బూడిదరంగుకు తిరిగింది. వరసగా మూడు పంటలు పోయాయి.

తన తోటలో పూలు ఎన్నటికీ వాడకూడదని రాజు మహీధరుడు అడవిలోని అమ్లాన అనే యక్షిణిని వరం కోరాడట. ఆమె రాజ్యమంతటా మట్టిలోని ప్రాణాన్నే లాగేసుకుంది. ఆమెను వేడుకోవడానికి వెళ్ళినవారెవరూ తిరిగి రాలేదు. వారిలో వడ్రంగి బ్రహ్మయ్య ఒకడు.

అతని కూతురు అంకాలికి పదహారేళ్ళు. తండ్రి బాడిస, బరమా సంచిలో వేసుకుని ఆమె అడవిదారి పట్టింది.

దారిలో ఒక ముసలి ముని కూర్చుని కనిపించాడు. "ఎక్కడికే తల్లీ?"

"మా నాయన్ని తెచ్చుకోడానికి, తాతా."

ముని తాను కూర్చున్న చోటు నుంచే గుప్పెడు నల్లమట్టి తీసి ఇచ్చాడు. "అరవై ఏళ్ళుగా నేనిక్కణ్ణించి కదల్లేదు. అందుకే దీని ప్రాణం ఆమెకి చిక్కలేదు. గాలీ, తడీ తగినంత అందితే ఇది పెరుగుతుంది. ఊపిరాడకపోతే మాత్రం చస్తుంది, జాగ్రత్త."

అమ్లాన వనంలో పట్టపగలే పిట్ట కూత లేదు. చెట్ల మధ్య మనుషులు కళ్ళు తెరుచుకుని నిలబడి ఉన్నారు. వారిలో ఊపిరి లేదు, వాడిపోవడమూ లేదు. బ్రహ్మయ్య చెయ్యి పైకెత్తి అలాగే ఉండిపోయాడు. తాకితే నీళ్ళ కుండలా చల్లగా తగిలాడు.

"మీ నాన్నకి ఇక ముసలితనం రాదు. సంతోషించు పిల్లా," అన్నారెవరో వెనక నుంచి. ఎండుటాకుల మీద నడిచి వచ్చినా అమ్లాన అడుగుల చప్పుడే కాలేదు.

"మాకు ముసలితనమే కావాలమ్మా. ఆయన్ని వదిలెయ్."

యక్షిణి నవ్వింది. "ఈ ఆకుల్ని నలభై రోజుల్లో ఒక్క బుట్టెడు మట్టిగా మార్చు, అందర్నీ వదిలేస్తాను. లేదంటే అతని పక్కన నువ్వూ నిలబడతావు."

వనంలో పాత చెక్క పీపా ఒకటి పడి ఉంది. అంకాలి బరమాతో దాని నిండా కన్నాలు వేసింది. మధ్యగా ఒక దుంగను ఇరుసులా దూర్చి, రెండు పంగకర్రల మీద నిలబెట్టింది. పక్కన చిన్న తలుపు కోసింది. ఆకులు, పచ్చగడ్డి, పేడ, ముని ఇచ్చిన మట్టి అందులో వేసి, నీళ్ళు చిలకరించి తిప్పడం మొదలుపెట్టింది.

పదోనాటికి లోపలంతా ముద్దయి కంపు కొట్టింది. ఎండుటాకులు కలిపి, ఇంకొన్ని కన్నాలు వేసింది. ఇరవయ్యోనాడు చెయ్యి పెట్టి చూస్తే నిద్రపోతున్న జంతువు కడుపులా వెచ్చగా ఉంది. ఆ పూటే పీపా లోపల నుంచి ఎవరో తట్టారు.

"అమ్మీ, తిప్పకే! నా ఎముకలు నలిగిపోతున్నాయి!"

అది తండ్రి గొంతు. అంకాలి పీపా ఆపింది. వెనక్కి తిరిగి చూస్తే బ్రహ్మయ్య పెదవులు కదలడం లేదు.

"మా నాయన నన్ను అంకీ అంటాడు. అమ్మీ అనడు. ఇది నీ మాయే యక్షిణీ," అంటూ మళ్ళీ పీపా తిప్పింది. లోపల గోళ్ళతో గీరిన చప్పుడైంది. ఇరవై రోజులు ఆ ఏడుపు వింటూనే తిప్పింది.

నలభయ్యోనాడు తలుపు తెరిస్తే తొలకరి వాసనతో నల్లటి మట్టి జలజలా రాలింది. అందులో ఒక వానపాము మెదిలింది.

అమ్లాన వెనక్కి జరిగింది. "ఆ మట్టిని నా దగ్గరికి తేకు."

"ఎందుకంత భయం?"

"అది తగిలితే నేనుండను."

"మట్టయ్యే ముందు ఆకూ అలాగే భయపడి ఉంటుంది. ఒకసారి వాసన చూడమ్మా."

యక్షిణి వంగి ఆ మట్టి వాసన చూసింది. తరవాత తనే చెయ్యి చాచింది. మట్టి తగలగానే ఆమె జుట్టు నెరిసింది, ముఖం ముడతలు పడింది. అలసిపోయిన అవ్వలా ఆకుల మీద ఒరిగి, "ఎంత హాయిగా ఉందే," అంటూ ఆకుల్లో ఆకుగా కలిసిపోయింది. వనంలోకి గాలి వచ్చింది. యవ్వనం కోరి ఏ కాలంలోనో వచ్చి నిలిచిపోయినవారు నిశ్శబ్దంగా మట్టయ్యారు. మిగిలినవారు ఊపిరి పీల్చుకున్నారు.

"అంకీ," అన్నాడు బ్రహ్మయ్య, "నా బరమా మొండి చేసేశావు కదే!"

అంకాలి ఏడుస్తూ నవ్వింది.

తండ్రీకూతుళ్ళు ఊరూరా పీపాలు చేసి ఆ మట్టి పంచారు. రాజు సిగ్గుపడుతూ వచ్చి, తన చేతులతో తిప్పడం నేర్చుకున్నాడు. రెండేళ్ళకు రాజ్యం నిండా జొన్నచేలు తలలూపాయి. బిడ్డలు లేని మహీధరుడు అంకాలినే దత్తత చేసుకుని సింహాసనం అప్పగించాడు. పట్టాభిషేకం నాటి ఉదయం పురోహితులు కొత్త రాణికోసం కోటంతా వెతికారు. ఆమె పెరట్లో, మోచేతుల దాకా మట్టితో, విత్తనాలు నాటుతోంది.