ఇంకా లోపలే ఉన్నాడు

ఆ ఆస్పత్రి కింది అంతస్తులో, కంప్యూటర్ల గది పక్కన ఓ చిన్న గది ఉండేది. దాని పేరెత్తితే చాలు, వాచ్‌మన్ మాట మార్చేసేవాడట. రాత్రుళ్లు లోపల ఎవరో టైపు కొడతారు. తలుపు తీస్తే... ఎవరూ ఉండరు.

ఏళ్ల తరబడి కంప్యూటర్లు చూసుకున్న పెద్దాయన ఆ గదిలోనే, కుర్చీలో కూర్చున్నవాడు కూర్చున్నట్టే పోయాడు. ఆయన స్థానంలో కొత్తగా చేరినమ్మాయి ఇలాంటివి విని నవ్వేసే రకం. నవ్వేసేది — ఆ రాత్రి దాకా.

ఆస్పత్రిలో ఉద్యోగం వదిలేసినవాళ్ల కంప్యూటర్ అకౌంట్లు తీసెయ్యమని పైవాళ్లు ఒకటే పోరు. పగలంతా డాక్టర్లూ నర్సులూ మెషీన్లను ఊపిరి తీసుకోనివ్వరు. అందుకని రాత్రి ఒక్కతే కూర్చుంది. నల్లటి తెర మీద ఒక్కో కమాండ్ కొట్టడం, ఒక్కో పేరు చెరిగిపోవడం... అలా సాగుతుండగా పెద్దాయన పేరొచ్చింది. ఆ పేరుకీ కమాండ్ కొట్టింది.

కుదరదంది మెషీను. ఈ మనిషి ఇంకా లోపలే ఉన్నాడంది.

తనే తప్పు కొట్టిందేమోనని మళ్లీ కొట్టింది. మళ్లీ అదే మాట. ఇప్పుడు ఎవరెవరు లోపలున్నారో చూపించమని అడిగింది. రెండే పేర్లు — తనదీ, ఆయనదీ. ఆయన కూర్చున్న చోటు... పక్క గది.

అప్పుడు వినపడింది. టక్... టకటక... టక్.

బ్యాగు పట్టుకుని మెట్లెక్కేద్దామనుకుంది. కాళ్లు కదిలాయి కూడా. కానీ ఏ ఫైలు ఎవరు ముట్టుకోవచ్చో తేల్చే గ్రూపుల్లో పెద్దాయన అకౌంటు లేనిదంటూ లేదు. రోగుల రిపోర్టులు, మందుల చీటీలు... ఆ పేరుతో దేన్నైనా మార్చెయ్యొచ్చు. దెయ్యమో, దొంగో — వదిలేసి పోతే పొద్దున ఎవరి ఒంట్లోకి ఏ మందెక్కుతుందో!

గుండె చిక్కబట్టుకుని పక్క గది తలుపు తోసింది.

చీకట్లో, తెర వెలుగులో... తెల్లబట్టల్లో ఓ ఆడమనిషి. చేతులు ఒళ్లో పెట్టుకుని తెరకేసి చూస్తోంది.

"భయపడకమ్మా," అంది మెల్లగా. "నేనే."

పై వార్డులో రాత్రి డ్యూటీ చేసే నర్సు. పెద్దాయన భార్య. ఇంట్లో, బ్యాంకులో, కరెంటు బిల్లు మీద, అన్నిచోట్లా ఆయన పేరు తీసేశారని చెప్పుకొచ్చింది.

"ఇక్కడొక్కచోటే ఆయన ఉన్నట్టు కనబడుతుంది," అంది.

అమ్మాయికి కళ్లు చెమ్మగిల్లాయి. ఆవిణ్ణి తన గదిలోకి తీసుకెళ్లి పక్కన కూర్చోబెట్టుకుంది. పెద్దాయన్ని ఒక్కో గ్రూపులోంచీ తీసేసింది. ఇక ఆ పేరుతో ఎవరూ ఒక్క చీటీ కూడా ముట్టుకోలేరు. పేరు మాత్రం అలాగే ఉంచేసింది. ఈ హడావుడంతా ఈవిడదేనన్నమాట! ప్రాణం కుదుటపడింది.

"పాస్‌వర్డ్ మాత్రం ఎవరికీ చెప్పకండి సిస్టర్," అంది లేస్తూ.

నర్సు అయోమయంగా చూసింది.

"నాకెక్కడ తెలుసు తల్లీ... నేనొచ్చేసరికి రోజూ ఆయన అకౌంటు తెరిచే ఉంటుంది. నువ్వే తెరిచి పెడుతున్నావనుకున్నాను."