రెండు బూడిద రంగులు

నవంబరులో ఒక మంగళవారం మధ్యాహ్నం లోవెల్ పెన్నర్ గుండె మొదటిసారి గుభేలుమంది. వింక్లర్ అనే మంచుదేశపు చిన్న ఊరి అంచున ఉన్న చర్చి సెల్లార్‌లో, మెట్ల దగ్గర నిలబడి, తను బిగించిన కొత్త లైట్లను చూసుకుని మురిసిపోతున్నాడు. అవన్నీ ఒక్కసారిగా ఆరిపోయాయి.

కిటికీ అన్నది లేని గది. చిమ్మచీకటి. అందులో ఎనిమిదిమంది ఆడవాళ్లు, ఎనిమిది సూదులు.

"ఎవరూ కదలకండి" అంది ఒక గొంతు. "అమ్మమ్మ వేలి పక్కనే నా సూది ఉంది."

"కదలాలండీ" అన్నాడు లోవెల్ కంగారుగా. "కదిలితేనే లైటు వెలుగుతుంది. దయచేసి ఎవరైనా చేతులు ఊపండి."

చీకట్లో ఒక కుర్చీ కిర్రుమంది. తర్వాత లైట్లు వెలిగాయి. బొంత బిగించిన చట్రం అవతల ఒక అమ్మాయి రెండు చేతులూ గాల్లోకి ఎత్తి, అతన్ని కొరకొరా చూస్తోంది. ఆమె మార్లీస్ తీసెన్, ఊళ్లో హైస్కూలు డ్రాయింగ్ టీచరు. ఆ బొంతకు రంగులు ఎంచే పని ఆమెదే.

"గది ఖాళీ అయితే పది నిమిషాలకు ఆరిపోయేలా సెన్సర్ పెట్టాను" అన్నాడు లోవెల్. "మీరు మరీ కదలకుండా కూర్చున్నారు."

"బొంత కుట్టేవాళ్లు గెంతుతూ కుట్టరండీ. ఎనిమిదిమందిమి బతికే ఉన్నాం. ఆ సంగతి మీ డబ్బాకి ఎవరు చెప్పాలి?"

పక్కనే కూర్చున్న ఆమె అమ్మమ్మ జస్టీనా కళ్లజోడు సర్దుకుంది. "నాకు ఎనభై రెండు, అబ్బాయ్. బతికున్నానా లేదా అని అప్పుడప్పుడు నాకే అనుమానం వస్తుంది. ఇక గోడమీది డబ్బాకి కూడా రావాలా?"

 లోవెల్ గబగబా నిచ్చెన ఎక్కి పది నిమిషాల్ని అరగంటకు మార్చాడు. దిగేటప్పుడు ఒక మెట్టు తప్పాడు. చూసిన ఎనిమిదిమందిలో ఏడుగురు నవ్వారు. మార్లీస్ మాత్రం నవ్వు ఆపుకుంది, పెదవి కొరుక్కుని మరీ.

అతని వృత్తే అది. దుకాణాలు, బడులు, అపార్ట్‌మెంట్లు తిరిగి లైట్లకయ్యే కరెంటు బిల్లు తగ్గించడం. పాత ట్యూబులైట్లు పీకి, సగం వాటితోనే సరిపెట్టి, ఎవరూ లేని చోట ఆరిపోయే ఏర్పాటు చేస్తాడు. కంపెనీ అంటే అతనూ, ఒక వ్యానూ, ఆ నిచ్చెనా. చర్చి కమిటీ పెద్ద ఎర్విన్ టోవ్స్ ఈ సెల్లార్‌ని పరీక్షగా ఇచ్చాడు. ఇక్కడ బిల్లు సగానికి దిగితే పైన పెద్ద హాలూ, చర్చి నడిపే వృద్ధుల అపార్ట్‌మెంటు నాలుగంతస్తులూ అతనివే. వ్యాను, నిచ్చెన తప్ప ఏమీ లేనివాడికి అది ఏడాది పని.

తర్వాతి మంగళవారం సెన్సర్ ఎలా ఉందో చూడటానికి వచ్చాడు. ఆ తర్వాతి మంగళవారమూ వచ్చాడు. సెన్సర్ శుభ్రంగా పనిచేస్తోందన్న సంగతి అక్కడ అందరికీ తెలుసు. అతను వచ్చినప్పుడల్లా జస్టీనా అమ్మమ్మ అతనికో కుర్చీ చూపించేది, సరిగ్గా మార్లీస్ ఎదురుగా.

"మీరు ఎవరింటికి వెళ్లినా ముందు పైకప్పు చూస్తారట కదా?" అని అడిగింది మార్లీస్ ఒకరోజు.

"అలవాటండీ. లైట్లు లెక్కపెట్టకపోతే నాకు తోచదు."

"మరి మనుషుల్ని ఎప్పుడు చూస్తారు?"

"లెక్క అయిపోయాక."

"ఈ గదిలో లెక్క అయిపోయిందా?"

"మూడు వారాల క్రితమే."

మార్లీస్ సూది వేలికి గుచ్చుకుంది. వేలు నోట్లో పెట్టుకుని తల వంచుకుంది.

జనవరిలో బొంత నేపథ్యానికి వాడుతున్న బూడిదరంగు గుడ్డ అయిపోయింది. విరాళంగా వచ్చిన బట్టల బీరువాలో వెతికి మార్లీస్ మరో తాను తెచ్చింది. బయట నాలుగున్నరకే పొద్దు వాలింది, చలి మైనస్ ముప్పై. రెండు గుడ్డలూ పక్కపక్కన పరిచి చాలాసేపు చూసింది.

"మీ లైట్ల కింద నాకు రంగులన్నీ కాస్త నీరసంగా కనిపిస్తున్నాయి. ఈ రెండూ ఒకటేనా, మీరు చెప్పండి."

లోవెల్ జేబులోంచి వెలుతురు కొలిచే మీటరు తీసి గుడ్డమీద పెట్టాడు. "వెలుతురు కావలసినదానికన్నా ఎక్కువే ఉంది. అంకెలు అబద్ధం చెప్పవు. రెండూ ఒకటే."

"నిజంగా?"

"నిజంగా."

"సరే, మీ మాటమీద కత్తెర వేస్తున్నాను" అంది మార్లీస్.

ఆమె తన మాటమీద కత్తెర వేసిందన్న సంతోషంతో అతనికి ఇంటిదాకా చలే తెలియలేదు. ఆ మీటరు వెలుతురు ఎంతుందో చెబుతుంది గాని ఎలాంటిదో చెప్పదు. రంగుల్ని ఉన్నదున్నట్టు చూపించే లైట్లు వేరే ఉన్నాయి, వాటి ధర ఎక్కువ. ఎర్విన్ ముందు లెక్క బాగా కనబడాలని లోవెల్ చవకవి కొన్నాడు. సెల్లార్‌లో రంగులెవరు చూడొచ్చారు అనుకున్నాడు. ఆ సాయంత్రం అది అతనికి గుర్తే రాలేదు.

వసంతానికి బిల్లు సగంకన్నా కిందికి దిగింది. ఎర్విన్ భుజం తట్టి, వేసవి వేలం అయ్యాక సోమవారం వచ్చి పెద్ద పనికి సంతకం పెట్టమన్నాడు. లోవెల్ ఆ వేలం రోజునే మార్లీస్‌తో మనసు విప్పి మాట్లాడాలని నిశ్చయించుకున్నాడు. అద్దం ముందు నాలుగు వాక్యాలు తయారు చేసుకున్నాడు కూడా.

ఏటా జూలైలో చుట్టుపక్కల చర్చిలన్నీ కలిసి ఆరుబయట బొంతలు వేలం వేస్తాయి. వచ్చిన సొమ్ము ఎక్కడో కరువులో ఉన్నవాళ్లకు పోతుంది. మైదానం నిండా జనం, పుచ్చకాయ ముక్కలు, నూనెలో వేగుతున్న రోల్‌కూహెన్ పిండివంటల వాసన. సెల్లార్‌లో కుట్టి, సెల్లార్‌లోనే మడిచి సంచిలో పెట్టిన బొంతను ఇద్దరు మనుషులు వేదికమీదికి తెచ్చి ఎండలో విప్పారు.

ముందు వరసలవాళ్లు లేచి నిలబడ్డారు.

బొంతలో సగం బూడిదరంగు. మిగతా సగం గులాబీ. ఎవరో బీట్‌రూట్ నీళ్లు అక్కడక్కడా ఒలకబోసినట్టుంది.  లోవెల్ చేతిలోని పుచ్చకాయ ముక్క జారి గడ్డిలో పడింది.

"డ్రాయింగ్ టీచరేగా రంగులు ఎంచింది?" అంది వెనక ఎవరో. ఇంకెవరో కిసుక్కున నవ్వారు.

మార్లీస్ అతని పక్కనే నిలబడి ఉంది. ముఖం పాలిపోయింది.

"నువ్వు ఒకటే అన్నావు" అంది.

ఇన్ని నెలల్లో ఆమె అతన్ని నువ్వు అనడం అదే మొదటిసారి. ఆ మాట ఇలా వినాల్సి వస్తుందని అతను కలలో కూడా అనుకోలేదు. అతను అటు తిరిగే లోపల ఆమె జనంలో కలిసిపోయింది.

లోవెల్ వేదిక ఎక్కాడు. అక్కడ మైకు పట్టుకుని వేలంపాట పాడించేది ఎర్విన్ టోవ్సే. లోవెల్ ఆ మైకు అడిగి తీసుకున్నాడు.

"రంగులు ఎంచినవాళ్ల తప్పు ఏమీ లేదండీ. ఆ సెల్లార్‌లో లైట్లు నేను పెట్టాను. బిల్లు తగ్గుతుందని చవకవి కొన్నాను. వాటి కింద ఈ రెండు రంగులూ ఒక్కలాగే కనబడతాయి. ఆమెకు అనుమానం వచ్చి అడిగింది కూడా. నేనే ఒకటేనని చెప్పాను."

ఎర్విన్ అతన్ని ఎగాదిగా చూశాడు. "పైన హాల్లో కూడా అవే పెడదామనుకున్నావా?"

"ఇవాళ పొద్దుటిదాకా అవునండీ."

"అయితే సోమవారం సంతకం లేదు" అన్నాడు ఎర్విన్, మైకు వెనక్కి తీసుకుని. "దిగు."

ఏడాది పని ఒక్క నిమిషంలో పోయింది. లోవెల్ దిగివచ్చి మొదటి వరసలో కూలబడ్డాడు. ఎర్విన్ పాట మొదలుపెట్టాడు. పాడేవాళ్లకిచ్చిన నంబరు అట్టల్లో ఒక్కటీ పైకి లేవలేదు. లోవెల్ తన నంబరు అట్ట ఎత్తాడు. ఆ బొంత ఏ ఇంటికి వెళ్లినా మార్లీస్‌ను వేలెత్తి చూపిస్తుంది, అందుకని దాన్ని తనే తీసుకుపోవాలి.

వెనకనుంచి ఎవరో పెంచారు. లోవెల్ కూడా పెంచాడు. వాళ్లు మళ్లీ పెంచారు. ఇంత వికారమైన బొంత ఎవరికి కావలసి వచ్చిందో అతనికి అంతుపట్టలేదు. పంతం పట్టి పెంచుకుంటూపోయాడు. బ్యాంకులో ఉన్నదంతా దాటింది, వ్యాను ధర దాటింది. ఆ మైదానంలో ఏ బొంతా ఎన్నడూ అంత పలకలేదు. జనం పుచ్చకాయ నమలడం మానేసి నోళ్లు తెరిచారు. అప్పుడు తిరిగి చూశాడు.

చివరి వరసలో బెంచీమీద నిలబడి, అట్ట పైకెత్తి, ఎర్రబడిన కళ్లతో మార్లీస్.

"మీరెందుకు పాడుతున్నారు?" అని అరిచాడు లోవెల్.

"దాచేద్దామని. ఇది ఎక్కడ కనబడినా జనం నీ పేరెత్తి నవ్వుతారు. ఇంకెవరూ నీకు పని ఇవ్వరు. నువ్వెందుకు పాడుతున్నావు?"

"మీ పేరు పెట్టి నవ్వకుండా దాచేద్దామని."

ఎర్విన్ గొంతు సవరించుకున్నాడు. "ఆఖరి పాట మార్లీస్‌ది. లోవెల్, పెంచుతావా?"

లోవెల్ చెయ్యి పైకి లేవబోయింది.

"పెంచకు" అంది మార్లీస్. "దాన్ని ఇద్దరు కప్పుకునే కొలతకే కుట్టాం."

ఆరువందల మంది చర్చి జనం ఆమెవైపు తిరిగారు. అన్న మాట ఏమిటో ఆమెకు అప్పుడు అర్థమైంది కాబోలు, చేతిలో అట్టతో ముఖం కప్పుకుంది. లోవెల్ అద్దం ముందు వల్లించిన నాలుగు వాక్యాల్లో ఒక్కటీ నోటికి రాలేదు.

జనంలోంచి జస్టీనా అమ్మమ్మ గొంతు వినిపించింది. "ఏం చూస్తున్నావు, ఎర్విన్? సుత్తి కొట్టు."

ఎర్విన్ ఇంకా తేరుకోలేదు. "ఎవరి పేర రాయను?"

లోవెల్ తన అట్ట కింద పడేసి బెంచీల మధ్యగా నడిచివెళ్లి మార్లీస్‌కు చెయ్యి అందించాడు. ఆమె ఆ చెయ్యి పట్టుకుని కిందికి దిగింది.

"ఇద్దరి పేరా రాయండి" అన్నాడు.