అప్పాయమ్మ మేడమీది గాలి

...అమ్మ ముఖం గుర్తుంది గానీ అది కదలదు, ఫొటోలో ఉన్నట్టే నిలిచిపోయింది, అనుకుంటూ కుందన మెట్లెక్కుతోంది. కలలోకి వస్తే కదిలేదేమో. కానీ ఈ తీరంలో ఎవరికీ కలలు రావడం లేదు.

తుపానులను అణచడానికి సముద్రతీరం పొడవునా పవనస్తంభాలు నిలిపాక, పగలూ రాత్రీ ఒకే వేగంతో సమగాలి వీస్తోంది. ఇళ్లు కూలడం ఆగింది. నిద్రలో చెంపను తాకి, ఆగి, మళ్లీ తాకే గాలి లేకపోతే మనసు కల అల్లుకోలేదని మాత్రం స్తంభాలు కట్టినవాళ్లు ఊహించలేదు. తెలిశాక, కలల కోసం తుపానులను పిలుచుకుంటామా అన్నారు. అదీ నిజమే.

కుందన పని గాలిని కొలవడం. అరచేతిలో ఇమిడే గాలికొల అనే పరికరాన్ని చాచి పట్టుకుంటే దాని బుల్లి గిన్నెలు తిరిగి అంకె చూపిస్తాయి. మీట నొక్కితే ఆ అంకె ఆఫీసుకు చేరుతుంది. తేడా ఉంటే సాయంత్రానికల్లా దగ్గరి స్తంభాన్ని సరిచేస్తారు.

మేడ మీద అడుగు పెట్టగానే ఎవరో జుట్టు లాగినట్టయింది. "ఎవరూ?" అంటూ గిరుక్కున తిరిగింది. ఎవరూ లేరు.

చాప మీద పడుకున్న ఇంటి యజమానురాలు, ముసలి అప్పాయమ్మ, పకపకా నవ్వింది. "గాలమ్మా, గాలి! సమగాలిలో పుట్టిన పిల్లవి, నీకేటి తెలుస్తాది!"

కుందన గాలికొల తెరిచి చాచింది. అందులో అంకె ఎగసి, తగ్గి, మళ్లీ ఎగసింది. ఆమె దాన్ని దించి అప్పాయమ్మ వైపు తిరిగింది.

"ఎన్నాళ్లనుంచి వస్తోంది మామ్మా?"

"గంగమ్మ పండగ ఎల్లినకాడ్నుంచి. మద్దేనం ఇక్కడ నడుం వాలిస్తే మా ముసలోడు కల్లోకొస్తన్నాడు. బతికున్నప్పుడు పలకనోడు, ఇప్పుడు వాగుతానే ఉంటాడు." నవ్వు ఆగింది. "నొక్కేస్తావా ఏటి, ఆ మీట?"

"నొక్కాలి. దీన్ని తెరిచాక అంకె పంపకపోతే నా ఉద్యోగం పోతుంది."

అప్పాయమ్మ చాప మీద పక్కకు జరిగింది. "అయితే ఓపాలి పడుకుని నొక్కు, మాయమ్మ. ఎలాగూ పోయే గాలే కదా. నువ్వైనా ఎవుల్నో ఒకల్ని సూసుకో."

ఇన్నేళ్లలో తాను మీట నొక్కిన మేడలు కుందనకు ఒక్కొక్కటిగా గుర్తొచ్చాయి. వాటి మీద ఎవరు పడుకునేవారో, ఎవరి కోసం పడుకునేవారో తనెప్పుడూ అడగలేదు. గాలి మళ్లీ వచ్చి ఆమె చెంపను తాకింది, ఆగింది.

ఆమె పిట్టగోడ చాటున, గాలి చేరని మూలలో కూర్చుంది. గాలికొలను పెదవుల దగ్గరకు తెచ్చుకుని, సన్నగా, తడబడకుండా ఊదింది. సమగాలి అంకె రాగానే మీట నొక్కింది.